మంచుపొడితో బిగుసుకుపోయిన ఐస్ కోర్ డ్రిల్లు: నా అనుభవం

మైనస్ 20 డిగ్రీల శీతల గదిలో మంచు దిమ్మెపై ఐస్ కోర్ డ్రిల్లును (మంచులోంచి స్తంభంలాంటి నమూనాను కోసి తీసే యంత్రాన్ని) పరీక్షిస్తుండగా, కొద్ది సెంటీమీటర్లు దిగగానే మోటారు తీసుకునే కరెంటు పెరిగి, డ్రిల్లు ముందుకు సాగడం ఆగిపోయేది. ఇలాంటప్పుడు ఎవరికైనా మొదటి అనుమానం బ్లేళ్ల పదును మీదికే పోతుంది గాని, వాటిలో లోపమేమీ లేదు. పైకి తీసి చూస్తే, లోపలి గొట్టం మీద, పొడిని పైకి చేర్చే మరచుట్ల మధ్య మంచుపొడి సుద్దముక్కలా గట్టిపడి ఉంది. ఒక్కో చుట్టుకు బ్లేడు ఎంత లోతు కోయాలో నిర్ణయించే షూలు (బ్లేళ్ల వెనక మంచుకు ఆనే చిన్న ముక్కలు) మరీ ఎత్తుగా ఉండడంతో, బ్లేళ్లు మంచును కోయడానికి బదులు గీకుతున్నాయి. ఆ మెత్తని పొడి పైకి జరగక పేరుకుపోతోంది. తక్కువ ఎత్తున్న షూలు బిగించాక ముతక రవ్వలు రాలి, మరచుట్ల వెంట సాఫీగా పైకెక్కాయి. డ్రిల్లును ముందురోజు రాత్రే శీతల గదిలో ఉంచడం కూడా తప్పనిసరి, ఎందుకంటే వెచ్చని లోహానికి తగిలిన పొడి కాస్త కరిగి, మళ్లీ గడ్డకట్టి అంటుకుంటుంది.