థైరాయిడ్ డాక్టరు దగ్గరికి వెళ్లేముందు

ఎండోక్రినాలజిస్ట్ అపాయింట్‌మెంట్ దొరికిందా? ముందు పాత రిపోర్టులన్నీ తీసి తేదీల వరసలో పెట్టుకోండి. ఒక్క టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష) అంకె కంటే అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది.

• థైరాయిడ్ మాత్రల సీసానే వెంట తీసుకెళ్లండి. "పొద్దున్నే వేసుకునే చిన్న మాత్రండీ" అంటే అది 25 మైక్రోగ్రాములదో 100దో ఎవరికి తెలుస్తుంది?

• రక్తపరీక్ష ఉంటే, ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవడం మేలు.

• జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నారా? చాలామంది దాన్ని మందుగానే లెక్కేయరు, అందుకే చెప్పరు. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది అంకెల్ని తారుమారు చేస్తుంది. థైరాయిడ్ మామూలుగా ఉన్నా ఎక్కువైనట్టు రిపోర్టు రావచ్చు. పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపేయండి. ఎక్కువ మోతాదైతే ఎన్నాళ్లు ఆపాలో డాక్టరునే అడగండి.

• థైరాయిడ్ మాత్ర మింగిన వెంటనే కాఫీ తాగుతున్నా, 4 గంటల ఎడం లేకుండా కాల్షియం, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా మొహమాటపడకుండా చెప్పేయండి. అలవాటు మారితే డోసు పెంచే పనే ఉండకపోవచ్చు.

• గర్భవతి అయితే, లేదా ఆ ఆలోచన ఉంటే, కూర్చోగానే మొదట ఆ మాటే చెప్పండి.

• మెడ దగ్గర వాపుతో ఊపిరాడకపోతే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.