సొంత విమానంలో టూల్ కిట్ పెట్టుకుంటున్నారా?
అమెరికాలో సెస్నా 172 లాంటి చిన్న విమానం నడిపే మనవాళ్లకి ఒక మాట. గ్యారేజీలో ఉన్నవన్నీ సంచిలో కుక్కకండి, ఆ బరువూ లెక్కలోకి వస్తుంది. నా అనుభవంలో దారిలో మొండికేసేది ఎక్కువగా స్పార్క్ ప్లగ్గే. అందుకే దాన్ని విప్పడానికి 7/8 అంగుళం డీప్ సాకెట్, దాన్ని తిప్పే రాచెట్ పిడి, ఒక కొత్త ప్లగ్, రాగి వాషర్లు తప్పనిసరి. ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచ్ మాత్రం దిగినచోట మెకానిక్‌ని అడిగి తీసుకోవచ్చు. చేయిజారి కింద పడిన ప్లగ్ పైకి బాగానే కనిపించినా మళ్లీ బిగించొద్దు, లోపల పింగాణీ చిట్లి ఉండొచ్చు. బోల్టులు వదులవకుండా కట్టే సేఫ్టీ వైరు, కటింగ్ ప్లేయర్, టార్చిలైటు, ఒక క్వార్ట్ (దాదాపు లీటరు) ఇంజిన్ ఆయిల్ కూడా ఉంచుకోండి. అన్నీ పాత తువ్వాలులో చుట్టి వెనక గట్టిగా కట్టేయండి. కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) మూసేముందు పనిముట్లు లెక్కపెట్టండి. నేనోసారి స్క్రూడ్రైవర్ లోపలే మర్చిపోయి, రన్‌వే దాకా వెళ్లి వెనక్కొచ్చాను.