ఈ.కోలై బీటైన్‌ను త్వచం దాటించి లోపలికి తీసుకుంటోందో లేదో పరీక్షించే పద్ధతి

ఉప్పు ఎక్కువగా ఉన్న ద్రవంలో పడిన ఈ.కోలై బ్యాక్టీరియా కణం నుంచి నీరు బయటికి పోతుంది. కణం ముందుగా పొటాషియం అయాన్లను పోగుచేసుకుని నిలదొక్కుకుంటుంది. చుట్టూ గ్లైసీన్ బీటైన్ (క్లుప్తంగా బీటైన్) దొరికితే దానినే నింపుకుంటుంది, ఎందుకంటే ఈ చిన్న అణువు లోపల ఎంత పేరుకున్నా ప్రోటీన్ల పనికి పెద్దగా అడ్డు రాదు. బీటైన్‌ను ప్లాస్మా త్వచం దాటించే ప్రోటీన్ వాహకాలు ముఖ్యంగా రెండు: ప్రోపీ, ప్రోయూ. ప్రోపీ ప్రోటాన్లతో పాటు దానిని లోపలికి చేరుస్తుంది. ప్రోయూలో మూడు భాగాలుంటాయి: పెరిప్లాజంలో (లోపలి, బయటి త్వచాల మధ్య ఖాళీలో) ప్రోఎక్స్ బీటైన్‌ను పట్టుకుని త్వచంలోని ప్రోడబ్ల్యూకు అందిస్తుంది, ప్రోవీ కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుచేసి ఆ పని నడిపిస్తుంది.

ఈ రవాణాను గుర్తించడానికి పెరుగుదలను కొలిస్తే సరిపోతుంది, కానీ మీడియం (కణాలను పెంచే పోషక ద్రవం) ఎంపికలో పొరబడితే మిగిలిన శ్రమంతా వృథా. ల్యాబుల్లో మామూలుగా వాడే ఎల్‌బీ మీడియాన్ని వాడకూడదు, అందులోని ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌లోనే బీటైన్ ఉంటుంది కనుక, మీరు కలపకపోయినా కణాలకు అది అందుతూనే ఉంటుంది. గ్లూకోజ్ కలిపిన ఎం9 (లవణాలతో చేసే, బీటైన్ లేని) మీడియం తీసుకోండి. రాత్రంతా పెంచే తొలి కల్చర్‌ను కూడా ఎం9లోనే పెంచాలి.

ల్యాబుల్లో వాడే కే-12 రకం ఈ.కోలైతో నాలుగు ఫ్లాస్కులు సిద్ధం చేయండి: మామూలు ఎం9, బీటైన్ కలిపిన ఎం9, ఉప్పు కలిపిన ఎం9, రెండూ కలిపిన ఎం9. ఉప్పు 0.5 మోలార్ ఉండాలంటే లీటరుకు 29.2 గ్రాముల సోడియం క్లోరైడ్ పడుతుంది. 1.17 గ్రాముల బీటైన్‌ను నీటిలో కరిగించి మొత్తం 10 మిల్లీలీటర్లు చేసి, 0.2 మైక్రాన్ల ఫిల్టరుతో వడకట్టి, 25 మిల్లీలీటర్ల మీడియానికి 25 మైక్రోలీటర్లు చొప్పున వేస్తే 1 మిల్లీమోలార్ అవుతుంది. సీసా మీద హైడ్రోక్లోరైడ్ అని ఉంటే 1.54 గ్రాములు తూచాలి, ద్రావణం ఆమ్లంగా ఉంటుంది కనుక పీహెచ్‌ను 7కు సరిదిద్దాలి. 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (కల్చర్ కాంతిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత, కణాలు పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది) 0.05 ఉండేలా కల్చర్ వేసి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద షేకర్‌లో ఉంచి, గంటకోసారి రీడింగ్ తీయండి. రీడింగ్ 0.5 దాటాక నమూనాను అదే మీడియంతో పలుచన చేయాలి.

ఉప్పు మాత్రమే ఉన్న ఫ్లాస్కు బాగా వెనకబడి, బీటైన్ కూడా ఉన్నది స్పష్టంగా ముందుకు సాగాలి. ఉప్పు లేని రెండు ఫ్లాస్కుల మధ్య తేడా రాకూడదు, ఈ.కోలై బీటైన్‌ను ఆహారంగా వాడుకోలేదు కనుక, అక్కడ తేడా కనిపిస్తే తయారీలోనే లోపముందని అనుమానించాలి. అయితే ఇంతవరకు తెలిసింది బీటైన్ మేలు చేస్తోందనే. ఆ మేలు రవాణా వల్లనేనని తేలాలంటే ప్రోపీ, ప్రోయూ రెండింటి జన్యువులూ తొలగించిన మ్యూటెంట్‌తో ఇదే పరీక్ష చేయాలి. దానికి బీటైన్ కలిపినా ఉప్పు దెబ్బ తగ్గదు.

కణాల లోపలి బీటైన్‌ను నేరుగా కొలవాలనుకుంటే, వాటిని అదే గాఢత ఉప్పున్న, బీటైన్ లేని ద్రవంతోనే కడగండి. మంచినీటితో కడిగితే నీరు కణంలోకి దూసుకొచ్చి త్వచం ఒక్కసారిగా బిగుసుకుని, అందులోని ఎంఎస్‌సీఎల్, ఎంఎస్‌సీఎస్ అనే ఛానళ్లు (ఒత్తిడి పెరిగినప్పుడు పనిచేసే ద్వారాలు) తెరుచుకుంటాయి, కొలవాల్సిన బీటైన్ కడిగిన నీటితో పాటే పోతుంది.