వాన పడితే బాత్రూమ్‌లో డ్రైనేజీ పొంగేది: మా ఇంట్లో ఎలా ఆగిందంటే

హైదరాబాద్‌లో మాది పాత ఇల్లు. గట్టి వాన పడితే చాలు, కింది బాత్రూమ్‌లోకి మురుగు ఎగదన్నేది. చాంబర్ (మురుగు పైపులు కలిసే గుంత) క్లీనింగ్, జెట్టింగ్ (ప్రెషర్ నీటితో పైపు కడగడం), కొత్త ట్రాప్ (వాసన రాకుండా నీరు నిలిచే వంపు) ఏవీ పనిచేయలేదు.

చివరికి ఎండ రోజున ఇంటి ముందు చాంబర్ మూత తీసి, డాబా మీది వాన పైపుల్లో ఒక్కొక్కదానిలో పసుపు నీళ్లు పోశాం. వెనక పైపు నీళ్లు నేరుగా చాంబర్‌లోకి వచ్చాయి. వాన నీరు మురుగు లైన్లో కలపకూడదన్నది జలమండలి (నగర నీటి, మురుగు బోర్డు) నియమం. అందుకే ముందు ఆ పైపును నేలకు అడుగు ఎత్తులో కోయించాం. చాంబర్ వైపు మిగిలిన ముక్కకు ఎండ్ క్యాప్ వేసి సిమెంట్ చేయించాం. ఇది మర్చిపోకండి, లేదంటే వాసన, బొద్దింకలు! తర్వాత ఎల్బో (వంపు ముక్క) పెట్టి పైపును ఇంకుడు గుంతకు తిప్పాం. గుంతలో అడుగున 40 ఎంఎం కంకర, పైన 20 ఎంఎం, ఆపైన ఇసుక. నిండితే పొర్లే నీరు వాన కాలువలోకి పోయేలా వాలుగా ఇంకో పైపు.

ఆ తర్వాత పెద్ద వానలకూ పొంగలేదు. అయితే రోడ్డు మీది మెయిన్ లైనే నిండిపోయి వెనక్కి తంతుంటే ఇదొక్కటే చాలదు. నాన్ రిటర్న్ వాల్వ్ (మురుగు వెనక్కి రాకుండా ఆపేది) కూడా కావాలేమో, ప్లంబర్‌కు చూపించండి.