మీటర్ బోర్డులో ఎల్‌ఈడీలు వేశాక వచ్చే తలనొప్పులు: ఏది ఎందుకొస్తుంది, ఏం చెయ్యాలి

కారులో స్పీడోమీటర్ ఉండే మీటర్ బోర్డు విప్పడం, క్లిప్పులు విరక్కుండా చుట్టూ ఉన్న ప్లాస్టిక్ లాగడం, వెనక కనెక్టర్ పీకడం ఇవన్నీ మీకు వచ్చనుకునే రాస్తున్నా. ఇది వెనకనుంచి హోల్డర్ తిప్పి పీకితే చిన్న ఫిలమెంట్ బల్బు చేతికొచ్చే పాతరకం మీటర్ల గురించి. ఎల్‌ఈడీలు బోర్డు మీదే సోల్డర్ చేసి ఉన్న బళ్ళ సంగతి చివర్లో కొంచెం చెప్తా.

అన్నిటికన్నా ముందు ఒకటి, ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెయ్యరు: మీటర్ స్క్రూలు బిగించకముందే కనెక్టర్ పెట్టి పార్కింగ్ లైట్ వేసి చూడండి. తర్వాత కీ ఆన్ చేసి వార్నింగ్ లైట్లు, ఆ తర్వాత ఇండికేటర్ ఎడమ, కుడి, హైబీమ్, హ్యాండ్‌బ్రేక్. రెండు నిమిషాల పని. ఇది చెయ్యకుండా అంతా బిగించేసి, రాత్రి బండి తీసినప్పుడు స్పీడోమీటర్ సగం చీకటిగా ఉందని చూసి "ఎల్‌ఈడీలు డూప్లికేట్ ఇచ్చాడు" అని అమ్మినవాణ్ణి తిడతారు.

సమస్య: కొన్ని వెలుగుతున్నాయి, కొన్ని వెలగట్లేదు

పదిలో తొమ్మిదిసార్లు ఇది తిరగేసి పెట్టడమే. ఫిలమెంట్ బల్బుకి ప్లస్ మైనస్ లేదు, ఎల్‌ఈడీకి ఉంది. చూడకుండా పెడితే సగం తిరగబడతాయి, అందులో వింతేం లేదు. వెలగని దాన్ని పీకి 180 డిగ్రీలు తిప్పి పెట్టండి, అంతే. ఈ గొడవే వద్దనుకుంటే ఎటు పెట్టినా వెలిగే రకం తీసుకోండి, లోపల చిన్న బ్రిడ్జ్ ఉంటుంది కాబట్టి దానికి ప్లస్ మైనస్ గొడవ లేదు.

తిప్పినా వెలగకపోతే అప్పుడు కాంటాక్ట్ చూడాలి. టీ5, టీ10 (మీటర్లో వాడే చిన్న బల్బుల సైజులు) ఎల్‌ఈడీల అడుగున మడతపెట్టిన రెండు సన్నటి తీగలు ఉంటాయి చూడండి, అసలు గాజు బల్బు తీగలకన్నా సన్నం, పైగా అడుగు ప్లాస్టిక్ కూడా ఒక్కోసారి పలచగా ఉంటుంది, హోల్డర్లో రేకుకి సరిగ్గా ఆనదు. గోరుతో ఆ తీగల్ని కొంచెం బయటికి పొంగేలా వంచి పెట్టండి. రోడ్డు మీద గుంతలో పడ్డప్పుడల్లా లైటు ఆరి వెలుగుతోందంటే అది కూడా ఇదే కథ. మీటర్ వెనక పలచటి ప్లాస్టిక్ షీట్ మీద రాగి గీతలు ఉండే రకమైతే హోల్డర్ ఆనే చోట నల్లబడి ఉంటుంది, పెన్సిల్ రబ్బరుతో మెల్లిగా రుద్దండి, ఉప్పు కాగితం వద్దు, ఆ రాగి పొర లేచిపోయిందంటే ఇక అతికించలేరు.

సమస్య: లైట్ వెయ్యగానే ఫ్యూజ్ పోతోంది

ఆ అడుగు తీగలు మరీ పొడుగై మడతలో ఒకదానికొకటి తగులుతున్నాయి, లేదా హోల్డర్ వంకరగా కూర్చుని పక్క గీతకి తగిలింది. ఫ్యూజ్ పెద్దది వేసేసి చూద్దాం అనుకుంటే మాత్రం ఈసారి పోయేది ఫ్యూజ్ కాదు, రాగి గీత.

సమస్య: డిమ్మర్ తిప్పినా వెలుగు తగ్గట్లేదు

పాత బళ్ళలో డిమ్మర్ అంటే బల్బులతో సిరీస్‌లో ఉండే తీగచుట్ట రియోస్టాట్. దాంట్లోంచి కరెంట్ ఎంత పోతే అంత వోల్టేజ్ అక్కడ పడిపోతుంది, బల్బు డల్ అవుతుంది. మీరు బల్బులన్నీ తీసేసి ఎల్‌ఈడీలు పెట్టాక పోయే కరెంటే పదోవంతు, ఇక అక్కడ పడేదేముంది? డిమ్మర్ బానే ఉంది, దానికి పని లేదు. ఆ లైన్లో ఒకటి రెండు చోట్ల, ఏసీ బటన్ల వెనకో మరోచోటో, ఫిలమెంట్ బల్బులు ఉంచేస్తే చాలామందికి సరిపోతుంది. పూర్తిగా కావాలంటే పీడబ్ల్యూఎం డిమ్మర్ (కరెంట్‌ని చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేసి వెలుగు తగ్గించేది) వేసుకోవాలి. ఈ రెండూ కుదరకపోతే తక్కువ వెలుగున్న ఎల్‌ఈడీలు కొనండి, అసలు జనం ముందే అవి కొనరు, అన్నిటికన్నా బ్రైట్‌వి కొని రాత్రి హైవే మీద కళ్ళు చెదురుతున్నాయంటారు.

సమస్య: మధ్యలో మచ్చల్లా వెలుగు, అంచులు చీకటి, ముల్లు కనబడట్లేదు

ఫిలమెంట్ అన్ని వైపులా వెలుగిస్తుంది, ఎల్‌ఈడీ ముందుకే కొడుతుంది. మీటర్ లోపలి తెల్లటి గూడు పక్కకొచ్చే వెలుగుని తిప్పి పంచేలా చేసింది, కాబట్టి పక్కలకి కూడా చిప్‌లు ఉన్న ఎల్‌ఈడీ కావాలి, ముందు ఒకటే చిప్ ఉన్నది పనికిరాదు. రంగు సంగతి: పాత బల్బు మీద ఆకుపచ్చ లేదా నీలం రబ్బరు టోపీ ఉంటే తీసెయ్యండి, లేదంటే తెల్ల ఎల్‌ఈడీ పెట్టినా ఆ రంగులోనే ఉంటుంది. డయల్ వెనకే రంగు ప్రింట్ అయి ఉంటే అది పోదు, దానికి తగ్గ రంగు ఎల్‌ఈడీ వేసుకోవడమే. నీలం ఎల్‌ఈడీ వేసి ఎర్ర ముల్లు మాయమైందని అడిగేవాళ్ళకి: నీలం వెలుగులో ఎరుపు లేదు, ముల్లు దేన్ని తిప్పి చూపిస్తుంది? వార్మ్ వైట్ వేసుకోండి.

సమస్య: అంతా బానే ఉంది, కానీ బ్యాటరీ దిగిపోతోంది

ఇదీ అసలు విషయం. ఎల్‌ఈడీలు వేసిన రోజు అంతా బాగుంటుంది, ఫొటోలు కూడా పంపిస్తారు. కొన్నాళ్ళకి పొద్దున సెల్ఫ్ కొడితే టక్ టక్ అని ఊరుకుంటుంది. బ్యాటరీ పాతదైపోయిందని కొత్తది వేస్తారు. మళ్ళీ అదే. అప్పుడు డైనమో (ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది) విప్పి బ్రష్‌లు, రెగ్యులేటర్ మార్పిస్తారు, ఎర్త్ వైర్లు తుడుస్తారు, బెల్ట్ బిగిస్తారు. మీటర్‌లో చేసిన పని ఎవరికీ గుర్తురాదు, ఎందుకంటే లైట్లకీ ఛార్జింగ్‌కీ ఏంటి సంబంధం అనుకుంటారు. నాకు ఈ కేసు ఎన్నిసార్లు వచ్చిందో, ఇప్పుడు బ్యాటరీ దిగుతోంది అనగానే మొదట అడిగేది "మీటర్‌లో ఎల్‌ఈడీలు ఏమైనా వేశారా" అనే.

సంబంధం ఇదీ. మీటర్‌లో ఎర్రగా బ్యాటరీ బొమ్మ ఉన్న లైట్ చాలా పాత బళ్ళలో ఉత్త సిగ్నల్ కాదు. కీ ఆన్ చెయ్యగానే బ్యాటరీ కరెంట్ ఆ బల్బు గుండా పోయి డైనమో వెనక ఎల్ లేదా డీ ప్లస్ అని రాసిన పిన్‌లోకి, అక్కడినుంచి రోటర్ (డైనమో లోపల తిరిగే భాగం) చుట్టలోకి వెళ్తుంది. రోటర్ కొంచెం అయస్కాంతం అవుతుంది, ఇంజన్ తిరగ్గానే కరెంట్ పుట్టడం మొదలవుతుంది, ఆ తర్వాత డైనమో తన రోటర్‌ని తనే పోషించుకుంటుంది. అప్పుడు బల్బుకి రెండు వైపులా ఒకే వోల్టేజ్ కాబట్టి లైట్ ఆరిపోతుంది. అంటే మొదటి తోపు ఇచ్చేది ఆ బల్బే.

ఆ బల్బు 1.2 నుంచి 3 వాట్లు ఉంటుంది, అంటే సుమారు 100 నుంచి 250 మిల్లీఆంప్‌లు పోనిస్తుంది. మీ ఎల్‌ఈడీ పోనిచ్చేది 10, 20 మిల్లీఆంప్‌లు. ఆ కాస్తకి రోటర్ సరిగ్గా మేలుకోదు. అప్పుడేమవుతుందంటే స్టార్ట్ చేశాక స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) బ్యాటరీ లైట్ వెలుగుతూనే ఉంటుంది, ఒకసారి గట్టిగా రేస్ చేస్తే ఆరిపోతుంది, ఛార్జింగ్ మొదలవుతుంది. చాలామంది "ఒక్క రేస్ ఇస్తే పోతుందిలే" అని వదిలేస్తారు. ట్రాఫిక్‌లో మెల్లిగా నడిపే బండి అయితే ఆ రేస్ ఎప్పుడూ అందదు, హెడ్‌లైట్, ఫ్యాన్ అన్నీ బ్యాటరీనే తింటాయి. ఇంకా ఘోరం ఎల్‌ఈడీని తిరగేసి పెట్టడం. అప్పుడు కరెంటే పోదు, లైటూ వెలగదు, డైనమో ఛార్జ్ చెయ్యట్లేదని చెప్పాల్సిన లైటే నోరు మూసుకుని కూర్చుంటుంది.

చెక్ చెయ్యడం తేలిక. మల్టీమీటర్ బ్యాటరీ మీద పెట్టండి. ఇంజన్ ఆఫ్‌లో 12.6 దగ్గర ఉండాలి. స్టార్ట్ చేసి రేస్ ఇవ్వకుండా స్లోలోనే చూడండి, 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 12.3, 12.2 అని కిందికి జారుతోంటే ఛార్జింగ్ లేదు. ఇప్పుడు 2500 ఆర్‌పీఎం దాకా రేస్ ఇవ్వండి. టక్కున 14కి ఎగిరి, యాక్సిలరేటర్ వదిలినా 14లోనే నిలబడిందంటే డైనమో బంగారంలా ఉంది, తప్పు ఆ ఎల్‌ఈడీదే. ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ 12కి వస్తుంది, అది ఖాయం చేసుకోండి. రేస్ ఇచ్చినా లేవకపోతే అప్పుడు కూడా డైనమో విప్పకండి, ముందు ఆ ఒక్క చోట పాత బల్బు పెట్టి చూడండి.

పరిష్కారం కూడా అదే: బ్యాటరీ లైట్ చోట అసలు బల్బునే, అదే వాటేజ్‌ది, ఉంచెయ్యండి. బండి నడుస్తున్నప్పుడు వెలగని లైట్‌కి ఎల్‌ఈడీ ఎందుకసలు? కాదు కావాల్సిందే అంటే ఎల్‌ఈడీకి పారలల్‌గా 68 ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్ వెయ్యాలి. డైనమో ఎప్పుడైనా చచ్చిపోతే దాంట్లో 2 వాట్లకి పైనే వేడి పుడుతుంది కాబట్టి పావు వాట్ చిన్నవి వెయ్యకండి. మీటర్ వెనక ప్లాస్టిక్ షీట్ మీద సోల్డర్ పెడితే షీట్ ముడుచుకుపోతుంది, కనెక్టర్‌కి వచ్చే రెండు వైర్లకి, అంటే కీ నుంచి వచ్చే ప్లస్‌కీ డైనమోకి పోయే వైర్‌కీ మధ్య కలిపి, రెసిస్టర్‌ని ప్లాస్టిక్‌కి దూరంగా రేకు మీద కట్టండి. బల్బు, రెసిస్టర్ ఏమీ లేకుండా ఆ రెండు వైర్లూ డైరెక్ట్‌గా కలిపేసేవాళ్ళున్నారు, దయచేసి వద్దు, రెగ్యులేటర్ కాలిపోవచ్చు, కీ తీసినా ఇంజన్ ఆగకపోవచ్చు.

కొన్ని మీటర్లలో కంపెనీ వాళ్ళే ఆ బల్బు పక్కన రెసిస్టర్ ఇచ్చి ఉంటారు, అక్కడ ఎల్‌ఈడీ పెట్టినా ఏమీ కాదు. డైనమోని కంప్యూటర్ నడిపే కొత్త బళ్ళలోనూ ఈ గొడవ లేదు. మీది ఏ రకమో పైన చెప్పిన మల్టీమీటర్ పరీక్షే చెప్తుంది, ఊహించక్కర్లేదు.

సమస్య: ఇండికేటర్ ఒక వైపుకే మీటర్‌లో వెలుగుతోంది

మీటర్‌లో ఎడమకి, కుడికి వేర్వేరు బాణాలు కాకుండా రెండిటికీ ఒకే లైట్ ఉన్న బళ్ళలో ఆ బల్బు ఎడమ లైన్‌కీ కుడి లైన్‌కీ మధ్యలో ఉంటుంది. ఎడమ వేస్తే కరెంట్ ఇటునుంచి అటు, కుడి వేస్తే అటునుంచి ఇటు. మామూలు ఎల్‌ఈడీ ఒక దిక్కుకే పనిచేస్తుంది. ఎటు పెట్టినా వెలిగే రకం వెయ్యండి, లేదా పాతదే ఉంచండి. ఇండికేటర్ మరీ స్పీడ్‌గా కొట్టుకుంటే మీటర్‌ని తిట్టకండి, అది బయట పెట్టిన ఎల్‌ఈడీల వల్ల, ఫ్లాషర్ (ఇండికేటర్‌ని ఆర్పి వెలిగించే రిలే) మార్చుకోండి.

మిగతావి

ఆఫ్‌లో ఉన్నా వార్నింగ్ లైట్ మిణుకుమిణుకుమంటే లీకేజ్ కరెంట్, 1 కిలో ఓమ్ రెసిస్టర్ పారలల్‌గా పెడితే పోతుంది. ఎయిర్‌బ్యాగ్ లైట్ జోలికి అసలు వెళ్ళకండి, ఆ బల్బుని దాని మాడ్యూల్ చూస్తూ ఉండొచ్చు. రేడియోలో గరగర అరుదు, వస్తే వేరే ఎల్‌ఈడీలు వేసి చూడండి. కాన్‌బస్ (బల్బు పోయిందని బండి కంప్యూటర్ పొరపడకుండా చేసిన రకం) అని అట్ట మీద రాసినవి మీటర్ కోసం కొనకండి, లోపల లోడ్ రెసిస్టర్ ఉంటుంది, వేడికి హోల్డర్ పాడవుతుంది.

బోర్డు మీదే సోల్డర్ చేసిన ఎల్‌ఈడీల రంగు మార్చేవాళ్ళకి: ముల్లు పీకే ముందు అది ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి, తర్వాత రెసిస్టర్ లెక్క వెయ్యండి. తెల్లవి మూడు సిరీస్‌లో ఉంటే ఒక్కోటి 3.2 వోల్ట్‌లు, మొత్తం 9.6, అదే చోట 2 వోల్ట్‌ల ఎర్రవి వేస్తే 6 మాత్రమే. 14.4 వోల్ట్‌ల దగ్గర 240 ఓమ్‌ల రెసిస్టర్‌తో తెల్లవాటికి 20 మిల్లీఆంప్‌లు పోయేచోట ఎర్రవాటికి 35 పోతాయి, కొన్నాళ్ళు వెలిగి ఒక్కోటీ చచ్చిపోతాయి. 470 ఓమ్‌లు వెయ్యండి.