గచ్చు సగంలో సిమెంటు అయిపోతోందా? అంచున కాదు, మధ్యలో కొలవండి

సమస్య: లెక్క ప్రకారమే బస్తాలు తెచ్చారు, మేస్త్రి కూడా సరిపోతాయన్నాడు. తీరా గేటు దాకా వచ్చేసరికి సిమెంటు లేదు. కార్ షెడ్డు, వాకిలి, పెరటి గచ్చు, ఏ పనైనా నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇదే.

ముందు లెక్క సరిచూడండి. పొడవు, వెడల్పు, మందం మూడూ అడుగుల్లోనే ఉండాలి. గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి. సిమెంటు, ఇసుక, కంకర 1:2:4 పాళ్లలో కలిపితే 50 కిలోల బస్తాకు సుమారు 5.6 ఘనపుటడుగుల కాంక్రీటు తేలుతుంది. 1:1½:3 అయితే 4.4. దానితో భాగించి, వృథా కింద నూటికి 5 కలపండి. 20 అడుగులు, 15 అడుగులు, 4 అంగుళాల మందం ఉన్న గచ్చుకు 100 ఘనపుటడుగులు, అంటే 1:2:4లో 18 బస్తాలు, వృథాతో 19.

4 అంగుళాలంటే 0.33 అడుగు. దాన్ని 0.4 అని రాసుకునేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. అలా రాస్తే నాలుగు బస్తాలు ఎక్కువొస్తాయి. అవి మిగిలినా పర్వాలేదు, పక్క పనికి వాడుకోవచ్చు. కానీ లెక్క సరిగా ఉండి కూడా బస్తాలు మిగిలాయంటే సంతోషపడకండి. ఎక్కడో మందం తగ్గింది, లేదా కలిపేటప్పుడు ఇసుక, కంకర ఎక్కువ పోశారు.

లెక్క సరిగ్గానే ఉన్నా బస్తాలు చాలకపోతే, దోషం దాదాపు ఎప్పుడూ నేలలో ఉంటుంది.

కావలిలో మా బావ కార్ షెడ్డుకు నేనే దెబ్బతిన్నాను. పైన చెప్పిన కొలతలే, 20కి 15. నల్లరేగడి తీసేసి వారం ముందు ఎర్ర గ్రావెల్ తోలించారు. పైన చదునుగా కనిపించింది. నేను కాంక్రీటు ఆపడానికి అంచుల్లో కట్టిన సైడు పలకల దగ్గర టేపు పెట్టి చూశాను, నాలుగు వైపులా 4 అంగుళాలే. 19 బస్తాలు చెప్పాను. మధ్యాహ్నానికి గేటు వైపు మూడడుగుల పట్టీ మిగిలిపోయింది, సిమెంటు మాత్రం లేదు. "బావా, లెక్క నువ్వే కదా చెప్పావు" అన్నాడు. ఆ మిగిలిన పట్టీలో పలక నుంచి పలకకు దారం లాగి మధ్యలో కొలిస్తే అయిదున్నర అంగుళాలుంది. గ్రావెల్‌కు నీళ్లు పెట్టలేదు, దిమ్మిస కొట్టలేదు. పొద్దున్నుంచి కూలీలు తట్టలతో తొక్కుతుంటే మధ్యలో అణిగిపోయింది. అంచున పలక పక్కన ఎవరూ తొక్కరు, అందుకే అక్కడ 4 అంగుళాలు అలాగే ఉంది. సగటున అంగుళం పెరిగితే 100 కాస్తా 125 ఘనపుటడుగులైంది. నాలుగైదు బస్తాలు తేడా.

ఈ తప్పు కంటికి కనబడదు. కాంక్రీటు పోశాక పైన మట్టం బాగానే ఉంటుంది, అంచు చూస్తే 4 అంగుళాలే కనిపిస్తుంది. అందుకే జనం మేస్త్రినో, షాపువాణ్నో అనుమానిస్తారు.

పరిష్కారం: గ్రావెల్ నింపాక బాగా నీళ్లు పెట్టి, నీళ్లు ఇంకాక దిమ్మిస కొట్టించండి. అణిగిన చోట మళ్లీ నింపి మళ్లీ కొట్టించండి. ఆ తర్వాతే పలకలు కట్టి, నీటి ట్యూబుతో మట్టం చూసుకుని, పలక నుంచి పలకకు అడ్డంగా మూడు దారాలు లాగండి. ఒక్కో దారం కింద మూడు చోట్ల, మొత్తం తొమ్మిది చోట్ల లోతు కొలవండి. కూడి తొమ్మిదితో భాగించండి. బస్తాల లెక్కకు వాడాల్సిన మందం అదే. పది నిమిషాల పని. దయచేసి ఇది మానేయకండి. మందం మరీ ఎక్కువొస్తే సిమెంటు పెంచకండి, గ్రావెల్ నింపి మళ్లీ కొట్టించండి. గ్రావెల్ చవక.

ఇప్పటికే పోస్తూ మధ్యలో ఇరుక్కుంటే? ఇసుక పెంచి, నీళ్లు పెంచి సాగదీయొద్దు. ఆ ముక్క ఏడాది తిరక్కుండానే పొట్టు లేస్తుంది. ఉన్నంతవరకు పోసి, అడ్డంగా పలక పెట్టి నిట్టనిలువుగా తెగ్గొట్టి ఆపండి. మర్నాడు ఆ అంచును గరుకుగా చెక్కి, కడిగి, సిమెంటు పాలు (నీళ్లలో పల్చగా కలిపిన సిమెంటు) పూసి అక్కణ్నుంచి మొదలుపెట్టండి. ఏటవాలుగా వదిలేస్తే ఆ అతుకు దగ్గరే బీట పడుతుంది.

మిగతా కారణాలు అరుదు. వాయుగుండం వానల్లో తడిసిన ఇసుక ఉబ్బి తట్టలో తక్కువ పడుతుంది, ఈ గచ్చుకు దానివల్ల ఒక బస్తా తేడా రావచ్చు. బస్తా తూకం మీద అనుమానముంటే ఒకటి కాటా మీద పెట్టించండి. సముద్రం గాలికి గడ్డకట్టిన సిమెంటును లెక్కలోకే తీసుకోవద్దు.