రాతిలో మిగిలిన ఒక్క రెక్క: అల్లిక రెక్కల పురుగు శిలాజాన్ని కొత్త జాతిగా వర్ణించడం

అల్లిక రెక్కల పురుగు (లేస్‌వింగ్) శిలాజాల్లో చాలావాటికి ఒళ్లు ఉండదు, ఒంటి రెక్కే దొరుకుతుంది. జాతిని తేల్చాలంటే రెక్క ఈనెలే ఆధారం. తొందరపడేవాళ్లు అడ్డ ఈనెలు లెక్కపెట్టి, రెండు మూడు తేడా రాగానే కొత్త జాతి అనేస్తారు. లెక్కకన్నా ముందు చూడాల్సింది ఏ ఈనె ఎక్కడ పుట్టింది, ఎక్కడ చీలింది, దేంతో కలిసింది అన్నది.

అందుకే శిలాజం ముట్టుకునే ముందు బతికున్న పురుగు మీద చెయ్యి తిరగాలి. నల్గొండ, మహబూబ్‌నగర్ పత్తి చేలలో వానాకాలం అంతా ఇవి దొరుకుతాయి. పేనుబంక పట్టిన ఆకు మీద సన్నటి కాడ చివర గుడ్డు నిలబెట్టి పోయే పచ్చటి పురుగు ఇదే. రాత్రిపూట వాకిట్లో బల్బు దగ్గరికీ వస్తుంది. ఒకే రకంవి ఇరవై దాకా పట్టి, 70 శాతం ఆల్కహాల్‌లో వేసి, నాలుగు రెక్కల్నీ మొదలు దగ్గర తెంపి, రెండు గాజు పలకల మధ్య గ్లిజరిన్ చుక్కలో పరచండి. కుడి, ఎడమ, ముందు, వెనక అని చీటీలు రాయకపోతే తర్వాత పోల్చలేరు. ఇప్పుడు రెక్క బయటి అంచు వైపు మెట్ల వరుసగా ఉండే అడ్డ ఈనెల్ని ప్రతి రెక్కలో లెక్కపెట్టండి. ఒకే పురుగు కుడి రెక్కకీ ఎడమ రెక్కకీ లెక్క కలవనివి ఎదురవుతాయి. ఒక జాతి లోపల తేడా ఎంతవరకు రావచ్చో ఆ పట్టికే చెబుతుంది. శిలాజంలో కనబడ్డ తేడా ఆ హద్దు దాటకపోతే దాని మీద జాతిని నిలబెట్టవద్దు.

ఇదే పచ్చ పురుగులో ఇంకో మోసం ఉంది. రెక్క నడుమ పొడుగునా నిండుగా సాగే గీత ఒక్క ఈనె కాదు. వేర్వేరు ఈనెల ముక్కలు, అడ్డ ఈనెలు వరుసలో కలిసి అలా కనిపిస్తాయి. మీడియా అంటే రెక్క నడిమి పొడుగు ఈనె; ఈ గీతను బూటకపు మీడియా అంటారు. అదే అసలు మీడియా అనుకుంటే దాని వెనకున్న ఈనెల పేర్లన్నీ తప్పుతాయి.

శిలాజాల కోసం మాత్రం ఈ చుట్టుపక్కల గుట్టలు తవ్వి లాభం లేదు. ఇక్కడి గ్రానైటు, హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి, తాండూరు నాపరాయి, అన్నీ భూమ్మీద పురుగులు పుట్టకముందువే. నాపరాయి పొరల మధ్య కొమ్మల్లా పాకిన నల్లటి గుర్తులు కనిపిస్తే అవి మాంగనీసు ఖనిజం పేరుకున్నవి, మొక్కలూ కావు, ఈనెలూ కావు. తెలంగాణలో పురుగుల శిలాజాలు బయటపడ్డది ప్రాణహిత-గోదావరి లోయలోని కోటా రాతి పొరల్లో. అవి జురాసిక్ కాలానివి.

రాతిని చూసే పద్ధతి

నమూనాను రెండు రకాలుగా ఫొటో తీయాలి. మొదట పొడిగా: ఒకే ఎల్‌ఈడీ దీపాన్ని పది, పదిహేను డిగ్రీల ఎత్తులో, ఎడమ పైమూల నుంచి పడేలా పెట్టాలి. వెలుగు కింది నుంచి పడితే కంటికి గుంత గట్టులా, గట్టు గుంతలా అనిపిస్తుంది. వెలుగు దిశలోనే సాగే ఈనెకు నీడ పడదు, అది మాయమైపోతుంది. కాబట్టి రాయిని కొద్దికొద్దిగా తిప్పుతూ కనీసం నాలుగు ఫొటోలు తీయండి. తర్వాత ఆల్కహాల్ చుక్క వేసి, పైనుంచి సమంగా పడే వెలుగులో ఇంకొకటి. తడిస్తే రెక్క తాలూకు గోధుమరంగు పొర తేలుతుంది గానీ ఎత్తుపల్లాలు కనబడవు. ముందు రాయి అంచున ఒక చుక్క వేసి చూడండి. బంకమట్టి రాయి ఉబ్బి పెచ్చులూడితే తడపడం మానేయండి.

ఈనెలకు పేర్లు పెట్టేటప్పుడు ఎత్తుపల్లాలే దారి చూపిస్తాయి. రెక్క ముందంచు నుంచి వెనక్కి వరుసగా వచ్చే పొడుగు ఈనెలు: కోస్టా, సబ్‌కోస్టా, రేడియస్, మీడియా, క్యూబిటస్. రెక్క పైవైపు నుంచి చూస్తే కోస్టా గట్టు, సబ్‌కోస్టా పల్లం, రేడియస్ ముందుపాయ గట్టు, వెనకపాయ పల్లం. క్యూబిటస్ ముందుపాయ గట్టు, వెనకపాయ పల్లం. మీ రాతిలో సబ్‌కోస్టా గట్టుగా నిలబడితే మీరు చూస్తున్నది రెక్క అడుగువైపు, లేదా పైవైపు పడిన అచ్చు. రాయి చీలి రెండు పలకలైతే రెండో పలకలో ఎత్తుపల్లాలతోపాటు కుడిఎడమలూ తిరగబడతాయి. మీడియాకు ఈ తేడా అంత స్పష్టంగా ఉండదు. అందుకని దాన్ని చివరికి ఉంచి, ముందు రేడియస్ వెనకపాయనీ క్యూబిటస్ ముందుపాయనీ పట్టుకోండి. ఆ రెంటి మధ్య మిగిలింది మీడియా. అది రెక్క మొదలు దగ్గర ఎలా చీలుతుందో పరిశోధకులు అందరూ ఒకేలా చెప్పరు. మీరు ఏ పద్ధతిలో పేర్లు పెట్టారో వ్యాసంలో రాసి తీరాలి.

ముందు రెక్కా, వెనక రెక్కా అన్నదీ ఇక్కడే తేల్చుకోండి. ముందు రెక్కలో కోస్టాకీ సబ్‌కోస్టాకీ మధ్య జాగా వెడల్పు, వెనక రెక్కలో ఇరుకు. ఇది చూడకపోతే ఒకే పురుగు రెండు రెక్కలకి రెండు జాతి పేర్లు పడతాయి.

గీత, కొలత, వర్ణన

గీతను ఫొటో మీదే ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో వేయవచ్చు. కనబడిన ఈనెకు నిండు గీత, ఊహించినదానికి చుక్కల గీత, విరిగిన అంచుకు వేరే గుర్తు. రెండో పలక నుంచి తెచ్చి అతికిన భాగానికి రంగు మార్చండి. పొడవు, వెడల్పు మూడేసిసార్లు కొలిచి సగటు రాయండి. రాయి నేలలో ఒత్తిడికి సాగి ఉంటే పొడవు-వెడల్పు నిష్పత్తిని నమ్మకూడదు. అదే పలక మీద వేర్వేరు దిక్కుల్లో పడిన శిలాజాలు కూడా అన్నీ ఒకే దిశలో సాగినట్టుంటే ఆ నిష్పత్తిని జాతి లక్షణాల్లోంచి తీసేయండి.

వర్ణనలో క్రియలు తక్కువ, స్థానాలు ఎక్కువ ఉండాలి. ఉదాహరణకి ఈ తరహా: "ముందు రెక్క. సబ్‌కోస్టా, రేడియస్ చివర కలవవు. రేడియస్ వెనకపాయ మొదటి కొమ్మ, మీడియా చీలికకన్నా బయటివైపు. క్యూబిటస్ మొదలు విరిగిపోయింది, తెలియదు." ఆ చివరి మాట ముఖ్యం. రాతిలో మిగలనిదాన్ని "లేదు" అని రాస్తే తర్వాతివాళ్లు దాన్ని లక్షణంగా లెక్కపెడతారు.

ఆ ప్రజాతిలోని (దగ్గరి జాతుల గుంపులోని) ఒక్కో జాతితో, వీలైతే మూల నమూనాల (మొదట పేరు పెట్టినప్పుడు ఆధారంగా చూపినవాటి) ఫొటోలతో పోల్చండి. రేడియస్ వెనకపాయ పుట్టినచోటూ, క్యూబిటసూ రెండూ లేని ముక్క దొరికితే ప్రజాతి దగ్గరే ఆగిపోండి, జాతి పేరు పెట్టవద్దు.

కొన్న రాయి అయితే, గీతలు రాతి రేణువుల మీదుగా, పగుళ్ల మీదుగా ఎత్తుపల్లం లేకుండా సాగుతున్నాయేమో సూక్ష్మదర్శినిలో చూడండి. అలా ఉంటే ఎవరో రంగుతో దిద్దినవి. బ్రెజిల్‌లోని క్రాటో అనే రాతి పొరల్లో ఈ పురుగులు విరివిగా దొరుకుతాయి గానీ, అక్కడ 1942 నుంచి శిలాజాలకు చట్టం ఉంది. తవ్విన అనుమతి, దేశం దాటిన కాగితాలు లేని నమూనా మీద పని మొదలుపెట్టవద్దు.

పేరుకు ఊరు వాడుకోవచ్చు. ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలో దొరికిన డైనోసార్‌కు 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పెట్టింది అలాగే. పేరు రోమన్ లిపిలో ఉండాలి, కొత్త జాతి అని స్పష్టంగా ప్రకటించాలి, మిగతా జాతులతో తేడా మాటల్లో చెప్పాలి. ఒక్క నమూనాను హోలోటైప్‌గా (ఆ పేరుకు ఆధారమైన నమూనాగా) చూపి, అది ఏ సంస్థ సేకరణలో ఉందో రాయాలి. 1999 తర్వాతి పేర్లకు ఈ చివరి రెండూ తప్పనిసరి. ఇంట్లో బీరువాలో పెట్టుకున్న రాయి ఎవరికీ అందదు, అందుకని వ్యాసం పంపేముందే మ్యూజియంలో అప్పగించి నంబరు తీసుకోండి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికకు పంపుతుంటే జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టరైన జూబ్యాంక్‌లో ముందే నమోదు చేయాలి. 2012 నుంచి ఆ నమోదు వివరం వ్యాసంలోనే లేకపోతే పేరు చెల్లదు.